పోయినవాళ్లకు రాసే మాట: తిక్కన స్త్రీపర్వం నుంచి ఒక పాఠం



ఇంట్లో ఒకరు పోయాక మొదటి పదమూడు రోజులు ఎలాగో గడిచిపోతాయి. చుట్టాలు ఉంటారు, పురోహితుడు గారు చెప్పే పనులు ఉంటాయి, ఎవరో ఒకరు టీ కాస్తూనే ఉంటారు. అసలు బరువు పద్నాలుగో రోజున మొదలవుతుంది. అందరూ బస్సులు ఎక్కి వెళ్లిపోతారు. మనం మళ్లీ హైదరాబాదుకో, బెంగళూరుకో, చెన్నైకో వచ్చి లాప్‌టాప్ తెరుస్తాం. ఫోన్‌లో నాయన నంబరు అలాగే ఉంటుంది. అమ్మ పంపిన చివరి వాయిస్ మెసేజ్ అలాగే ఉంటుంది. తీసెయ్యలేం, వినలేం.

ఇలాంటప్పుడు మనకు దొరికే సలహా ఒకటే: "ఏడవకూడదు, పోయినవాళ్ల ఆత్మకు శాంతి ఉండదు." చెప్పేవాళ్లు ప్రేమతోనే చెబుతారు. కానీ విన్నవాడి పరిస్థితి ఏమిటి? ఏడిస్తే తప్పు చేస్తున్నానేమోనని భయం. ఏడవకపోతే గొంతులో ముద్ద. ఈ రెండింటి మధ్య ఏళ్లు గడిపేసినవాళ్లు చాలామంది ఉన్నారు.

ఈ వారం పాఠం అందుకే. దుఃఖాన్ని రాయడం గురించి మాట్లాడుకుందాం. ఇది విదేశాల నుంచి వచ్చిన కొత్త అలవాటేమీ కాదు. మన ఆదికావ్యం పుట్టింది అక్కడే. మన తెలుగు భారతంలో పెద్ద భాగం రాసిన నెల్లూరు కవి కూడా దీని గురించి మనకు చాలా చెప్పాడు.

"ఏడవకూడదు" అనేది శాస్త్రమేనా?

ముందు ఈ అనుమానం తీర్చుకోవాలి. లేకపోతే ముందుకు వెళ్లలేం.

యాజ్ఞవల్క్య స్మృతిలో ఈ మాట ఉంది, నిజమే. బంధువులు కార్చే కన్నీళ్లు పోయినవాడికి భారమవుతాయి కాబట్టి ఏడుస్తూ కూర్చోక శక్తి కొద్దీ కర్మలు చెయ్యాలి అని దాని సారాంశం. ఇది ఏ సందర్భంలో చెప్పిందో గమనించండి. దహనం అయ్యింది, కర్మ మొదలవ్వాలి, చెయ్యవలసినవాడు కూలబడిపోయి ఉన్నాడు. అతన్ని లేపి నిలబెట్టడానికి చెప్పిన మాట ఇది. "లేవరా నాయనా, ఇంకా నువ్వు ఆయనకు చెయ్యాల్సింది ఉంది" అని పెద్దవాళ్లు భుజం పట్టుకుని లేపడం లాంటిది. జీవితాంతం కన్నీళ్లు మింగుతూ బతకమని దీని అర్థం కాదు.

కాదనడానికి సాక్ష్యం కావాలా? రాముణ్ణే చూడండి. చిత్రకూటంలో భరతుడు వచ్చి తండ్రి మరణవార్త చెప్పినప్పుడు రాముడు నరికిన చెట్టులా కూలిపోయాడని వాల్మీకి రాశారు. ఏడ్చాడు. ఆ తర్వాత లేచి, మందాకినికి వెళ్లి, నీళ్లు వదిలి, గారపిండిలో రేగుపండ్లు కలిపి పిండం పెట్టాడు. అడవిలో తాను తినేది అదే కాబట్టి తండ్రికీ అదే పెట్టాడు. మర్యాదా పురుషోత్తముడు అని మనం కొలిచేవాడు ముందు ఏడ్చాడు, తర్వాత కర్మ చేశాడు. ఒకటి చేసినందుకు రెండోది ఆగలేదు.

కాబట్టి ప్రశ్న "ఏడవచ్చా, లేదా" అన్నది కాదు. ఆ ఏడుపుకు ఒక దారి ఎలా ఇవ్వాలి అన్నదే ప్రశ్న.

పెన్న ఒడ్డున వచ్చిన కల

ఇప్పుడు నెల్లూరుకు వద్దాం. పాతపేరు సింహపురి. పెన్నా నది ఊరిని ఒరుసుకుంటూ తూర్పుకు వెళ్లి బంగాళాఖాతంలో కలుస్తుంది. పదమూడో శతాబ్దంలో ఇక్కడ మనుమసిద్ధి అనే తెలుగు చోడ రాజు పాలించాడు. ఆయన కొలువులో ఉన్న కవి తిక్కన సోమయాజి.

స్కూల్లో అందరం చదువుకున్నదే, ఒక్కసారి గుర్తు చేసుకుందాం. పదకొండో శతాబ్దంలో నన్నయ రాజమహేంద్రవరంలో భారతం తెలుగు చెయ్యడం మొదలుపెట్టి రెండున్నర పర్వాల దగ్గర ఆగారు. తిక్కన విరాటపర్వం నుంచి మొదలుపెట్టి చివరి వరకు, అంటే పదిహేను పర్వాలు పూర్తి చేశారు. మధ్యలో మిగిలిపోయిన అరణ్యపర్వ భాగాన్ని తర్వాతి శతాబ్దంలో ఎర్రన రాశారు.

ఇంత పెద్ద పని ఎలా మొదలైందో తిక్కనే విరాటపర్వం మొదట్లో చెప్పుకున్నారు. తండ్రి కొమ్మన కలలోకి వచ్చాడట. హరిహరనాథుడి అనుగ్రహం గురించిన వార్త కొడుక్కి అందించాడట. ఆ వెనుకే స్వామి కూడా కనిపించాడట. శివుడు, విష్ణువు ఒకే రూపంగా ఉన్న ఆ హరిహరనాథుడికే తిక్కన తన భారతాన్ని అంకితం ఇచ్చారు.

ఈ కథను మనం ఎప్పుడూ "అంకితం" కోణంలోనే చదువుతాం. శైవులూ వైష్ణవులూ కొట్లాడుకునే రోజుల్లో ఇద్దరినీ కలిపిన గొప్పతనం అని చెప్పుకుంటాం. అది సరైనదే. కానీ ఇంకో సంగతి కూడా ఉంది. దేవుడి కబురు తెచ్చింది ఎవరు? నాయన. కలలో నాయనను చూసిన కొడుకు లేచి ఏం చేశాడు? దాన్ని రాసిపెట్టాడు. తన పుస్తకానికి అదే వాకిలి చేశాడు. ఏడు వందల ఏళ్లు దాటినా కొమ్మన పేరు మనకు తెలుసంటే కారణం, కొడుకు ఆ కలను రాయడమే.

మనకు కూడా పోయినవాళ్లు కలలో కనిపిస్తారు. పొద్దున్నే లేచి ఎవరికి చెప్పాలో తెలీదు. చెబితే "ఏదో శాంతి చేయించు" అంటారు. మధ్యాహ్నానికి ఆ కల సగం చెరిగిపోతుంది. తిక్కన దగ్గర మనం నేర్చుకునే మొదటి పాఠం ఇది: కల వస్తే రాసుకోండి. దానికి అర్థం వెతకనక్కర్లేదు. ఆయన వేసుకున్న చొక్కా ఏది, ఎక్కడ కూర్చున్నారు, ఏమన్నారు అన్నవి చాలు.

పదిహేనింటికి సరిగ్గా మధ్యన

మీకో చిన్న లెక్క. తిక్కన రాసిన పదిహేను పర్వాల్లో మొదటిది విరాటం, అంటే భారతంలో నాలుగోది. స్త్రీపర్వం భారతంలో పదకొండోది. తిక్కన వరసలో లెక్కేస్తే అది ఎనిమిదోది. దానికి ముందు ఏడు, తర్వాత ఏడు. తిక్కన భారతానికి సరిగ్గా నడిమధ్యన ఆడవాళ్ల ఏడుపు ఉంది.

అది పర్వాల క్రమం వల్ల వచ్చిన లెక్కే. కానీ విషయం పెద్దది. పద్దెనిమిది రోజుల యుద్ధం అయిపోగానే వ్యాసుడు పట్టాభిషేకానికి పరుగెత్తలేదు. గెలిచినవాళ్ల జెండా చూపించలేదు. ఒక పర్వం మొత్తాన్ని ఏడవడానికి కేటాయించాడు. ఐదో వేదం అని మనం చెప్పుకునే గ్రంథంలో ఏడుపుకు ఒక పూర్తి పర్వం ఉంది. ఇకమీద "ఏడవకూడదు" అని ఎవరైనా అంటే ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి.

ఆ పర్వంలో గాంధారి ఏం చేస్తుందో చూడండి. వ్యాసుడి వరం వల్ల ఆమెకు యుద్ధభూమి మొత్తం కళ్లకు కడుతుంది. పక్కన కృష్ణుడు ఉంటాడు. ఆమె "నా బతుకు ఇలా అయిపోయింది" అని ఒక్క మాటలో ఏడ్చి ఊరుకోదు. ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లినట్టుగా, పేరు పెట్టి, చూసింది చూసినట్టు కృష్ణుడికి చెబుతుంది. అదిగో దుర్యోధనుడు. అదిగో అభిమన్యుడు, పక్కన ఉత్తర. అదిగో సైంధవుడు, అతని తల కోసం వెతుక్కుంటున్న నా కూతురు దుస్సల. అదిగో భూరిశ్రవుడి తెగిన చెయ్యి. తన కొడుకులే కాదు, అటువైపు పిల్లలు కూడా ఆమె లెక్కలో ఉన్నారు.

ఇందులో మనకు కావలసిన పద్ధతి ఉంది. శోకం మొత్తంగా మీద పడితే మొయ్యలేం. "నాకు చాలా బాధగా ఉంది" అని పుస్తకంలో రాస్తే రెండో వాక్యం రాదు. ఒక్కొక్కటిగా, కంటికి కనిపించేదిగా రాస్తే వస్తుంది. "అమ్మ ఆదివారం చేపల పులుసు పెట్టి, ఈ రోజు తినొద్దు, రేపటికి ముక్కకు పులుపు పడుతుంది అనేది. మేం ఆగేవాళ్లం కాదు." ఇది రాయగలం. దీని వెనుకే ఇంకోటి వస్తుంది.

ఇదే పర్వంలో ఇంకో చిన్న చోటు ఉంది. పిల్లలందర్నీ పోగొట్టుకున్న ద్రౌపది గాంధారి దగ్గరికి వస్తుంది. వందమందిని పోగొట్టుకున్న ఆ తల్లి, ఓదార్పు మాటలు చెప్పకుండా, నీ పరిస్థితి ఎలాంటిదో నాదీ అలాంటిదే, మనిద్దరినీ ఎవరు ఓదారుస్తారు అన్న అర్థంలో మాట్లాడుతుంది. దుఃఖంలో ఉన్నవాళ్ల దగ్గరకి వెళ్లినప్పుడు ఏం మాట్లాడాలో తెలియక మనం ఇబ్బంది పడతాం కదా. భారతం ఇచ్చిన సమాధానం అది. సలహా వద్దు, పక్కన కూర్చోవడం చాలు.

దేవుడి మీద కోపం వస్తే?

చాలామంది యువతీయువకులు అడిగే ప్రశ్న ఇది. "అంత పూజలు చేసిన మా అమ్మకు ఇలా ఎందుకు జరిగింది? దేవుడి మీద కోపం వస్తోంది. పాపమా?"

గాంధారి కోపాన్ని మింగలేదు. ఎదురుగా ఉన్నవాడు సాక్షాత్తు కృష్ణుడు. నువ్వు ఆపగలిగి కూడా ఈ యుద్ధాన్ని ఆపలేదు అని ముఖం మీదే అంది. శపించింది కూడా. కృష్ణుడు ఏం చేశాడు? చిరునవ్వుతో ఆ శాపాన్ని తీసుకున్నాడు. ఆమెను భస్మం చెయ్యలేదు, ఆమె భక్తిని ప్రశ్నించలేదు. ఒక తల్లి కోపాన్ని మొయ్యగలిగినవాడే దేవుడు.

మీ పుస్తకంలో మీరు దేవుడితో పోట్లాడండి. పోట్లాడుతున్నారంటే ఇంకా మాట్లాడుతున్నారనే కదా. మాట ఆగిపోవడమే అసలు దూరం.

కుంతి చెప్పని మాట

ఏడుపు అయ్యాక అందరూ గంగ దగ్గరికి వెళ్లి పోయినవాళ్లకు నీళ్లు వదులుతారు. పేరు పేరునా తర్పణాలు జరుగుతుంటాయి. అప్పుడు కుంతి నోరు విప్పుతుంది. కర్ణుడికి కూడా నీళ్లు వదలండి, అతను మీ అన్న అంటుంది.

ఎన్నేళ్లుగా దాచిన మాట! దాని బరువుకు ధర్మరాజు కుంగిపోయాడు. ముందే తెలిసి ఉంటే ఈ యుద్ధమే జరిగేది కాదు కదా అని విలపించాడు. ఆ దుఃఖం తీర్చడానికే తర్వాత శాంతిపర్వం అంత పెద్దదిగా నడవాల్సి వచ్చింది. కృష్ణుడు, వ్యాసుడు, నారదుడు, తమ్ముళ్లు, చివరికి అంపశయ్య మీద భీష్ముడు, ఇంతమంది చెప్పాల్సి వచ్చింది. ఒక్క రోజులో ఎవరూ తేరుకోరు అని ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెబుతారు?

పోయినవాళ్లతో మనకు ఎప్పుడూ చెప్పని మాట ఒకటి మిగిలిపోతుంది. క్షమించమని అడగలేదు. ఐ లవ్ యూ అని మన నాయనలతో ఎవరం అంటాం? 2021 కోవిడ్ రోజుల్లో చివరి చూపు కూడా దక్కని ఇళ్లు ఎన్నో. ఆ మాట లోపలే ఉండిపోతే కుంతి లాగా మోస్తూ తిరగాల్సిందే. ఎదురుగా మనిషి లేడు కాబట్టి చెప్పలేం. రాయగలం.

శోకం నుంచి శ్లోకం

వాల్మీకి కథ అందరికీ తెలుసు. తమసా నది ఒడ్డున క్రౌంచపక్షుల జంటలో ఒకదాన్ని వేటగాడు కొట్టాడు. రెండోది ఏడ్చింది. ఆ ఏడుపు విని మహర్షి నోట శ్లోకం వచ్చింది. "శోకం శ్లోకమైంది" అని మనం అక్కడితో ఆపేస్తాం.

కానీ ఆ తర్వాత ఏం జరిగిందో కూడా చదవాలి. మహర్షి ఆశ్రమానికి వచ్చారు. సాక్షాత్తు బ్రహ్మదేవుడు ఇంటికి వచ్చాడు. అర్ఘ్యపాద్యాలు ఇచ్చి కూర్చోబెట్టారు. అప్పుడు కూడా వాల్మీకి మనసు ఆ పక్షి దగ్గరే ఉంది. బ్రహ్మ ఎదురుగా కూర్చుని ఉన్నా అదే శ్లోకం మళ్లీ అన్నారు. అంటే ఒక్కసారి చెప్పుకున్నంత మాత్రాన ఆయన దుఃఖం తీరలేదు. బ్రహ్మ ఆయన్ని కోప్పడలేదు. నవ్వి, ఇది నా సంకల్పమే, ఇదే ఛందస్సులో రామకథ చెప్పు అన్నాడు. ఒక పక్షి కోసం పుట్టిన మాట పెద్ద కథలోకి ప్రవహించింది.

ఇక్కడ రెండు మెట్లు ఉన్నాయి. మొదటిది, బాధ బయటికి రావడం. రెండోది, ఆ బాధకు ఒక అర్థంలో, ఒక పనిలో చోటు దొరకడం. మొదటి మెట్టు మీదే ఉండిపోతే అదే శ్లోకం మళ్లీ మళ్లీ అనుకుంటూ ఉంటాం.

మన ఆధునిక కవులు కూడా ఈ దారిలో నడిచారు. విశ్వనాథ సత్యనారాయణ గారు భార్య వరలక్ష్మమ్మ గారు పోయాక "వరలక్ష్మీ త్రిశతి" రాశారు. శ్రీశ్రీ 1950లో అచ్చయిన "మహాప్రస్థానం"ని అకాలంగా పోయిన స్నేహితుడు కొంపెల్ల జనార్దనరావుకు అంకితం ఇచ్చారు. ఒకరు సంప్రదాయవాది, ఇంకొకరు విప్లవకవి. దుఃఖం వచ్చినప్పుడు ఇద్దరూ కలమే పట్టుకున్నారు.

సైన్స్ ఏమంటోంది?

అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, సాండ్రా బీల్‌తో కలిసి 1986లో ఒక అధ్యయనం ప్రచురించారు. కాలేజీ విద్యార్థులను నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు రాయమన్నారు. కొందరు మామూలు విషయాలు రాశారు. కొందరు తమ జీవితంలోని పెద్ద బాధను, జరిగింది, అనిపించింది రెండూ కలిపి రాశారు. రాసిన వెంటనే ఈ రెండోవాళ్లకు మనసు ఇంకా బరువెక్కింది. కానీ తర్వాతి నెలల్లో వీళ్లు ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది.

దీన్ని పట్టుకుని "రాస్తే చాలు, అన్నీ తగ్గిపోతాయి" అనుకోవద్దు. జీవిత భాగస్వామిని కొత్తగా పోగొట్టుకున్నవాళ్ల మీద మార్గరెట్ స్ట్రోబె బృందం చేసిన అధ్యయనం 2002లో వచ్చింది. ఊరికే భావాలు రాయడం వల్ల వాళ్ల శోకం త్వరగా తగ్గినట్టు అందులో కనపడలేదు. అంటే రాయడం మందుబిళ్ల కాదు. వాల్మీకి కథలోని రెండో మెట్టు ఎందుకు ముఖ్యమో ఇక్కడ అర్థమవుతుంది. బాధను ఒలకబోయడంతో ఆగకుండా, ఆ మనిషి నాకు ఏం ఇచ్చి వెళ్లారు, నేను దాన్ని ఎలా ముందుకు తీసుకెళ్తాను అన్న దాకా రాత వెళ్లాలి.

శ్రాద్ధంలో ఉన్నది, పుస్తకంలో ఉండవలసింది

తద్దినం పెట్టేటప్పుడు పురోహితుడు గారు మనతో ఏం పలికిస్తారు? గోత్రం, పేరు. తండ్రి వసురూపం, తాత రుద్రరూపం, ముత్తాత ఆదిత్యరూపం. మూడు తరాలు. ఎంత గొప్ప ఏర్పాటు! మన సొంత ముత్తాత పేరు మనలో చాలామందికి గుర్తుండేది ఈ ఒక్క మంత్రం వల్లే.

కానీ మంత్రంలో పేరు ఉంటుంది, మనిషి ఉండడు. ఆయన సైకిల్ ఎలా తొక్కేవాడు, కోపం వస్తే ఏమనేవాడు, ఏ దేవుడి పాట కూనిరాగం తీసేవాడు, ఇవి సంకల్పంలో ఉండవు. ఉండనక్కర్లేదు కూడా. కర్మ పోయినవాళ్ల కోసం. ఆ మిగతాది మన కోసం, మన తర్వాత పుట్టేవాళ్ల కోసం. దాన్ని రాసేది మనమే. లేకపోతే ఇంకో రెండు తరాలకు పేరు ఒక్కటే మిగులుతుంది.

అందుకే మన కర్మల క్యాలెండర్‌నే రాతకు కూడా క్యాలెండర్‌గా పెట్టుకోండి. ఇది మా సూచన, శాస్త్ర విధి కాదు.

1. మొదటి పదమూడు రోజులు: ఏమీ రాయొద్దు. కర్మ జరగనివ్వండి, నిద్ర పోండి, తినండి. కల వస్తే మాత్రం రెండు ముక్కలు రాసుకోండి.

2. ఆ తర్వాత నాలుగు రోజులు: ఏదో ఒక వారం ఎంచుకుని, వరసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు. దీపం పెట్టి, ఫోన్ పక్క గదిలో వదిలేసి, కాగితం మీద చేత్తో. మొదటి రోజు జరిగింది. రెండో రోజు గాంధారి లాగా చూసింది చూసినట్టు, ఒక్కొక్కటి. మూడో రోజు కుంతి లాగా చెప్పని మాట, ఉత్తరం రూపంలో, "నాయనా" అనో "అమ్మా" అనో పిలుస్తూ. నాలుగో రోజు వాళ్ల నుంచి నాకు వచ్చింది ఏమిటి, నేను చెయ్యబోయేది ఏమిటి.

3. ప్రతి మాసికానికి ఒక పేజీ: నెలకు ఒక్క జ్ఞాపకం. ఏడాది తిరిగేసరికి పన్నెండు పేజీలు. అన్నీ మంచివే రాయాలని లేదు. వాళ్ల మొండితనం, మీ ఇద్దరి గొడవలు కూడా రాయండి. తిక్కన దుర్యోధనుణ్ణి కూడా తల్లి కళ్లతో చూపించారు, గుర్తుందా?

4. సాంవత్సరికం రోజు: ఆ పన్నెండు పేజీలు ఇంట్లో ఒకరికి చదివి వినిపించండి. తమ్ముడికో, చెల్లికో, పిల్లలకో. అవతలివాళ్లు "కాదు, అది అలా జరగలేదు" అంటారు. అనాలి. వాళ్ల మాట కూడా చేర్చండి. అప్పుడది ఇంటి పుస్తకం అవుతుంది.

5. ఆ తర్వాత ఏటా మహాలయ పక్షంలో: భాద్రపద బహుళంలో ఒక పేజీ చేర్చండి. అంతే.

అక్షరం రాని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే? వాళ్లు చెప్పండి, మీరు రాయండి. భారతం కూడా అలా పుట్టిందనే కదా చెబుతాం. వ్యాసుడు చెప్పాడు, గణపతి రాశాడు. అవ్వ తన భర్త గురించి చెబుతుంటే రాసే మనవరాలు ఆ ఇంటికి గణపతే.

మాటలే రానప్పుడు: రామకోటి

కొన్ని రోజులు ఏమీ రాయబుద్ధి కాదు. ఒక్క వాక్యం కూడా రాదు. అలాంటి రోజులకు మన పెద్దవాళ్లు ఒక దారి పెట్టారు. గళ్లు గళ్లుగా ఉండే ఆ రామకోటి పుస్తకం మీ అమ్మమ్మ దగ్గర చూసే ఉంటారు. మాటలు రాకపోతే ఒకే మాట రాయి: శ్రీరామ.

లెక్క వెయ్యండి. రోజుకు వెయ్యి చొప్పున రాసినా కోటి పూర్తవ్వడానికి పది వేల రోజులు, అంటే ఇరవై ఏడేళ్ల పైమాటే. రోజుకు 108 చొప్పున అయితే రెండు వందల యాభై ఏళ్లు దాటుతుంది. పూర్తి చెయ్యడమే లక్ష్యమైతే ఎవరూ మొదలుపెట్టరు. ఆ పెద్దావిడలు భర్త పోయాకో, కొడుకు పోయాకో మధ్యాహ్నం వేళ కూర్చుని ఆ గళ్లు ఎందుకు నింపారో ఇప్పుడు ఆలోచించండి. చెయ్యికి ఒక పని, కంటికి ఒక గీత, మనసుకు ఒక పేరు. ఆ పూటకు అది చాలు. భద్రాచలంలో స్వామికి సమర్పించే రామకోటి పుస్తకాల్లో భక్తితో పాటు ఎన్ని ఇళ్ల దుఃఖం ఉందో రాముడికే తెలుసు.

కొన్ని జాగ్రత్తలు

రాస్తుంటే ఊపిరి ఆడనట్టు అనిపిస్తే ఆపెయ్యండి. మరో రోజు చూసుకోవచ్చు, లేదా అసలు రాయకపోవచ్చు. అందరికీ రాతే దారి కావాలని లేదు. ఈ జిల్లాకు ఎవరి పేరు ఉందో ఆ పొట్టి శ్రీరాములు గారు భార్యను, పసిబిడ్డను పోగొట్టుకున్నాక ఉద్యోగం వదిలి గాంధీజీ ఆశ్రమానికి వెళ్లారు. ఆయన శోకం సేవలోకి ప్రవహించింది. మీది వంటలోకి, తోటలోకి, పాటలోకి వెళ్లొచ్చు.

రాసింది సోషల్ మీడియాలో వెంటనే పెట్టొద్దు. లైకుల కోసం ఎదురుచూడటం మొదలైతే ఆ ఉత్తరం నాయనకు రాసినట్టు కాదు. ఏడాది ఆగి చూసుకోండి.

నెలలు గడిచినా నిద్ర, తిండి, పని ఏదీ కుదరకపోతే, బతకాలని లేదనిపిస్తే, పుస్తకం పక్కన పెట్టి మనిషితో మాట్లాడండి. ఇంట్లోవాళ్లకు చెప్పండి, డాక్టర్‌ను కలవండి. భారత ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416. ఫోన్ చేస్తే మన భాషలోనే మాట్లాడతారు. ధర్మరాజుకే అంతమంది కావాల్సి వచ్చింది, మనం ఒక్కరిని పిలవడానికి మొహమాటం ఎందుకు?

సముద్రం ముందు

నెల్లూరు నుంచి తూర్పుకు పాతిక కిలోమీటర్లు వెళితే మైపాడు. కార్తీక పౌర్ణమికి జనం అక్కడ సముద్ర స్నానాలు చేస్తారు. అదే తీరంలో పట్టపుపాళేలు ఉన్నాయి. వేటకు వెళ్లిన మనిషి తిరిగి రాకపోవడం అంటే ఏమిటో ఆ ఇళ్లకు తెలుసు. 2004 డిసెంబర్ 26న సునామీ ఈ తీరాన్ని కూడా కొట్టింది. దేహమే దొరకని మరణానికి కూడా మన శాస్త్రం దారి చూపింది: దర్భలతో ప్రతిరూపం చేసి దానికే సంస్కారం చెయ్యమంది. ఎందుకంటే వీడ్కోలుకు ఏదో ఒక రూపం కావాలి. లేకపోతే మనసు గుమ్మం దగ్గరే నిలబడిపోతుంది.

మీరు రాసే పేజీ కూడా అలాంటి రూపమే. గడ్డిపోచలతో చేసిన ప్రతిరూపం మనిషి కాదు, కానీ దానికి చేసిన నమస్కారం మనిషికి చేరుతుందని నమ్ముతాం. మీ అక్షరాలు కూడా అంతే.

ఒక చిన్న మనవి. రాసిన పుస్తకాన్ని సముద్రంలో నిమజ్జనం చెయ్యాలని కొందరికి అనిపిస్తుంది. వద్దండి. సముద్రానికి అట్టలు, ప్లాస్టిక్ కవర్లు అక్కర్లేదు. నువ్వులూ నీళ్లూ అక్కడ వదలండి. పుస్తకం మాత్రం ఇంటికి తెచ్చి, పూజ గదిలో రామాయణం పక్కన పెట్టండి. అది కూడా మీ వంశంలోని ఒక కథే.

ఈ వారం పని ఒక్కటే. ఒక నోటుబుక్ కొనండి. మొదటి పేజీలో పోయినవాళ్ల పేరు, గోత్రం రాయండి. కింద వాళ్లు మిమ్మల్ని ఏమని పిలిచేవాళ్లో ఆ ముద్దుపేరు రాయండి. ఈ రోజుకు అంతే చాలు. రెండో పేజీ తనంతట తనే మిమ్మల్ని పిలుస్తుంది.

హరిహరనాథుడు మీ ఇంటిని చల్లగా చూడాలి. శుభం.